ఘొరొకు జిబి... అమ్మమ్మ వెళ్తానన్న ఇల్లెక్కడ?

రాత్రి రెండున్నరకి అమ్మమ్మ లేచి వీధి తలుపు గడియ తీసింది. చంకలో ఒక చీర మూట. అమ్మ అడ్డం వెళ్లి "ఎక్కడికే ఈ రేత్రి?" అంటే, "మూ ఘొరొకు జిబి" అంది. మళ్లీ మళ్లీ అదే మాట. అమ్మ భయపడి నాకు వీడియో కాల్ చేసింది. హైదరాబాద్‌లో నా రూమ్‌లో కూర్చుని, ఫోన్ స్క్రీన్ మీద అమ్మమ్మ తలుపు గొళ్లెంతో పెనుగులాడటం చూశాను. చెయ్యగలిగింది ఏమీ లేదు.

తెల్లారాక పక్కింటి మామ్మ వచ్చి "ఏదో గాలి సోకినాది, మంత్రం ఏయించండి" అని తేల్చేసింది. రెండు రోజుల తర్వాత బరంపురం వైపు నుంచి స్టీలు సామాన్లు అమ్ముకునే ఆవిడ మా వీధిలోకి వచ్చింది. అమ్మమ్మ మాట విని నవ్వి చెప్పింది. "ఇంటికెళ్తాను అంటోందమ్మా. అది మా ఒరియా."

అది ఒరియా అని అమ్మకీ తెలుసు. అర్థమే తెలీదు. అమ్మమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురం అవతల, ఇప్పటి ఒడిశాలో. పద్నాలుగేళ్లకి పెళ్లయి వంశధార ఒడ్డున ఉన్న మా ఊరొచ్చింది. కొత్తలో ఒరియా మాట దొర్లితే అత్తగారు నవ్వేదట. దాంతో ఆ భాషని మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టేసినట్టు పెట్టేసింది. పిల్లలకి నేర్పలేదు. అరవై ఏళ్ల తర్వాత, మిగతావన్నీ ఒక్కొక్కటే పోతుంటే, ఆ పెట్టె తెరుచుకుంది.

అమ్మమ్మకి డిమెన్షియా. మా ఇంట్లో ఆ మాట పలకడానికి మూడేళ్లు పట్టింది. అంతకుముందు దాని పేరు "చాదస్తం".

ఒక లింక్, ఒక ఏడాది

అదే వారం ఆఫీసులో ఒక ఫ్రెండ్ నాకో లింక్ పంపాడు. గ్లోబల్ బ్రెయిన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇచ్చే ఫెలోషిప్ అది. పేరు 'అట్లాంటిక్ ఫెలోస్ ఫర్ ఈక్విటీ ఇన్ బ్రెయిన్ హెల్త్'. 2015లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ కలిసి మొదలుపెట్టాయి. డ్యూటీ ఫ్రీ షాపులతో కోట్లు సంపాదించి, బతికుండగానే దాదాపు అంతా పంచేసిన చక్ ఫీనీ గురించి వినే ఉంటారు. ఆయన స్థాపించిన అట్లాంటిక్ ఫిలాంత్రపీస్ దీనికి 17.7 కోట్ల డాలర్లు ఇచ్చింది.

డాక్టర్లకి మాత్రమే అయితే నేను అక్కడే ట్యాబ్ మూసేసేవాణ్ని. కానీ వీళ్లు నర్సులు, సైకాలజిస్టులు, ఆర్థికవేత్తలు, రచయితలు, కళాకారులు ఇలా రకరకాల వాళ్లని తీసుకుంటారు. ఏడాది వరకు అక్కడ ఉండి మెదడు జబ్బుల గురించి, వాటి చుట్టూ ఉన్న తేడాల గురించి నేర్చుకోవాలి. తర్వాత సొంత ఊళ్లలో పని చెయ్యాలి. డబ్బున్నవాడికి ఒకలా, లేనివాడికి ఒకలా, చదువుకున్నవాడికి ఒకలా, వేలిముద్ర వేసేవాడికి ఒకలా వైద్యం అందకూడదన్నదే దాని సారాంశం.

అప్లై చేద్దామా? ఆ ప్రశ్న మోసుకునే వారం రోజులు సెలవు పెట్టి రైలెక్కాను.

విజయనగరం: జ్ఞాపకాల ఊరు

పొద్దున్నే విజయనగరంలో దిగిపోయాను. మా ఊరికి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దాకా వెళ్లాలి. కానీ ఇంటికెళ్లే ముందు కొంచెం ధైర్యం కావాలనిపించింది. గంటస్తంభం దగ్గర టీ తాగి, కోట చుట్టూ నడిచి, సంగీత కళాశాల వైపు వెళ్లాను.

1919లో మొదలైన ఈ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. మనకి ఆయన హరికథా పితామహుడిగా తెలుసు. ఆయన అష్టావధానాలు కూడా చేశారు. అవధానం అంటే ఏంటి? ఒకవైపు పద్యం కడుతూ, ఇంకోవైపు ప్రశ్నలకి జవాబులిస్తూ, మధ్యలో ఎవరో గంట కొడితే లెక్కపెట్టుకుంటూ, చివర్లో అన్నీ వరసగా ఒప్పజెప్పడం. దీనికి మనవాళ్లు పెట్టిన పేరు 'ధారణ'. ఈనాటి న్యూరాలజీ క్లినిక్‌లో పరీక్షించేది కూడా దాదాపు ఇవే. ఏకాగ్రత, తాత్కాలిక జ్ఞాపకం, ఒక పని మీంచి ఇంకో పని మీదకి మనసు మళ్లించడం.

అయితే ధారణ పండితుల సొత్తేం కాదు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడేవాళ్లనీ, జముకుల కథ చెప్పేవాళ్లనీ చూడండి. చాలామంది బడికెళ్లలేదు. గంటల తరబడి కథ నోటికే ఉంటుంది. ఎక్కడ అడుగు మార్చాలో, ఎక్కడ వంత అందుకోవాలో ఒంటికే తెలుసు. మా అమ్మమ్మకి ఊరి పెళ్లిపాటలన్నీ అలాగే వచ్చేవి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆమెకి ఒకసారి పరీక్ష పెట్టారు. ఫెయిలైంది.

వందలోంచి ఏడు తీసేస్తే?

రెండేళ్ల కిందట ఒక పెద్ద ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఒక అమ్మాయి కాగితం పెట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

"ఈరోజు తేదీ ఎంతమ్మా?"

"అమాస ఎల్లి మూడ్రోజులయింది."

సున్నా మార్కులు.

"వందలోంచి ఏడు తీసెయ్యండి. అందులోంచి మళ్లీ ఏడు..."

అమ్మమ్మ నవ్వింది. "ఏటి లెక్కమ్మా ఇది? ఏడేసి ఎవులు తీస్తారు?" జీవితాంతం ఆమె కొబ్బరికాయలు, గుడ్లు లెక్కపెట్టింది పుంజీల్లో. మావైపు పుంజీ అంటే నాలుగు. "ఇరవై పుంజీల్లోంచి మూడు పుంజీలు తీసెయ్" అంటే అప్పట్లో ఠక్కున చెప్పేదేమో. ఎవరూ అలా అడగలేదు.

తర్వాత "ఒక వాక్యం రాయండి" అన్నారు. పెన్ను చేతిలో పెడితే, అమ్మమ్మ అలవాటుగా బొటనవేలు చాపింది, ఇంకుప్యాడ్ ఎక్కడా అన్నట్టు.

ఆ అమ్మాయిది తప్పు కాదు. చేతిలో ఉన్న కాగితం అది. తర్వాత చదివి తెలుసుకున్నాను. దాని పేరు మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. 1975లో అమెరికాలో తయారైంది, 30 మార్కులకి. రాయడం, చదివి చెయ్యడం, బొమ్మ చూసి గీయడం అందులో ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే, యూజర్ ఎవరో చూసుకోకుండా లాగిన్ పేజీ తయారుచేసి, లోపలికి రాలేకపోయినవాళ్లందరికీ 'ఎర్రర్' చూపించడం లాంటిది.

ఇది గమనించినవాళ్లు లేకపోలేదు. హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో, చదువురాని పల్లె పెద్దవాళ్ల కోసం ఇదే పరీక్షని హిందీలో మార్చి రాశారు. 1995లో ఆ పని బయటికొచ్చింది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో జ్ఞాపకశక్తి పరీక్షల కిట్ తయారుచేయించింది. ఉన్న మంచి పని ఊరి దాకా రావడమే మిగిలింది. ఇక్కడ 'ఈక్విటీ' అంటే పెద్ద సిద్ధాంతమేం కాదు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వడం న్యాయం కాదని తెలుసుకోవడం.

2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. శ్రీకాకుళం 61.74. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67. అందులో మా అమ్మమ్మ వయసు ఆడవాళ్లని విడిగా లెక్కేస్తే ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. ఇంకోపక్క, 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. జబ్బు ఎక్కువున్న చోటే దాన్ని కనిపెట్టే దారి తక్కువ.

అమ్మమ్మ విషయంలో, తర్వాత చూసిన డాక్టరు ఆమెని వదిలేసి అమ్మని అడిగారు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందా? పొలం నుంచి దారి తప్పిందా? చిల్లర లెక్క తేడా వస్తోందా? గొలుసు మీరే తీశారని అంటోందా? అన్నిటికీ అమ్మ తలూపింది. చివరి ప్రశ్నకి ఏడ్చేసింది.

వంశధార ఒడ్డున రెండు భాషలు

మధ్యాహ్నం బస్సులో శ్రీకాకుళం, అక్కణ్నుంచి నరసన్నపేట మీదుగా ఇంటికి. దారిలో ఆటో శ్రీముఖలింగం గుడి వైపు తిరిగింది. ఇక్కడికి దగ్గర్లోనే పర్వతాలపేట. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన ఊరు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని స్టేటస్‌లు పెట్టుకుంటామే, అది ఆయన పుట్టినరోజు.

గిడుగు తెలుగొక్కటే చూసుకుని కూర్చోలేదు. పర్లాకిమిడిలో పనిచేస్తూ, సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఈ నేలమీద రెండు మూడు భాషలు రావడం గొప్పేం కాదు, అవసరం. సంతలో సవర, ఇంట్లో తెలుగు, వియ్యాలవారితో ఒరియా.

ఈ అలవాటుకీ డిమెన్షియాకీ ఒక సంబంధం ఉందని మన హైదరాబాద్ అధ్యయనం కూడా చూపించింది. నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా ఉన్నప్పుడు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. వాళ్లలో 391 మందికి ఒకటికంటే ఎక్కువ భాషలొచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. 2013లో 'న్యూరాలజీ' అనే జర్నల్‌లో అచ్చయింది.

నాకు నచ్చిన విషయం ఇంకోటి ఉంది. చదువు వల్లే ఈ తేడా వచ్చిందేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకే అసలు బడికే వెళ్లనివాళ్లని విడిగా చూశారు. వాళ్లలోనూ అదే తేడా కనిపించింది. రెండు భాషలుంటే మెదడు ఎప్పుడూ ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని వదలాలి. ఆ కసరత్తు పలకా బలపం లేకుండానే జరుగుతుందన్నమాట. అలాగని జబ్బు రాదని కాదు. ఆలస్యం అవుతుంది, అంతే.

అంటే ట్రంకుపెట్టెలో దాచిన ఆ ఒరియా, మేం అమ్మమ్మతో మామూలుగా గడిపిన చివరి నాలుగేళ్లని మాకిచ్చిందా? ఒక్క మనిషి విషయంలో అలా లెక్క తేల్చలేం. కానీ అత్తగారు నవ్వినప్పుడు ఆ భాషని పూర్తిగా మానేయకుండా, అన్నయ్య వచ్చినప్పుడైనా వంటింట్లో గుసగుసగా మాట్లాడుకున్నందుకు ఆమెకి దండం పెట్టాలనిపించింది.

ఇంటికెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి "ఎవులు బాబూ?" అంది. పేరు చెప్పాను. "మా మనవడూ అదే పేరు. ఐద్రాబాద్‌లో ఉంటాడు" అంది గొప్పగా. తర్వాత "తిన్నావేటి?" అని అడిగింది. గంటలో అయిదుసార్లు అడిగింది. నేనెవరో మర్చిపోయింది గానీ, గుమ్మంలోకొచ్చినవాణ్ని తిన్నావా అని అడగాలని మాత్రం మర్చిపోలేదు.

క్రియాటినిన్ తెలుసు, ఇది తెలీదు

మర్నాడు కారు మాట్లాడుకుని అమ్మమ్మనీ అమ్మనీ ఎక్కించుకుని హైవే మీద ఉత్తరానికి బయల్దేరాం. ఇంటికెళ్తానంటోంది కదా, వెళ్దాం అనుకున్నాం. టెక్కలి, పలాస, సోంపేట, కంచిలి. ఎడమవైపు కొండలు, కుడివైపు ఎక్కడో సముద్రం. పలాసలో జీడిపప్పు వాసన. ఆ తర్వాత ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటలు. మొదటిసారి వచ్చినవాళ్లు కోనసీమ అని పొరబడతారు.

ఈ ఉద్దానం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. టీ కోసం ఆగిన చోట ఒక ముసలాయన తన క్రియాటినిన్ ఎంతో పాయింటుతో సహా చెప్పాడు. బడికెళ్లని మనిషికి ఆ మాట ఎలా వచ్చింది? ఏళ్ల తరబడి జనం అడిగారు, పత్రికలు రాశాయి, పరీక్షలు ఊళ్లలోకి వచ్చాయి, 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. కష్టానికి ముందు ఒక పేరు దొరికింది. తర్వాతే మిగతావి వచ్చాయి.

డిమెన్షియాకి ఇక్కడ ఇంకా పేరు లేదు. "మతి పోయింది", "చాదస్తం", "గాలి సోకింది". పేరు లేకపోతే ఓపీ చీటీ ఎవరు రాయించుకుంటారు?

పైగా ఊళ్లలో మిగిలింది ముసలివాళ్లే. మా తీరప్రాంతం మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 'తండేల్' సినిమా చూసినవాళ్లకి తెలుసు. మిగతావాళ్లు చెన్నై, విశాఖ, హైదరాబాద్. నాలాంటివాళ్లు ల్యాప్‌టాప్‌తో పోయాం, అంతే తేడా. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకి 14 కారణాలు చెప్పింది. చదువు లేకపోవడం, చెవుడు, చూపు మందగించడం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, తలకి దెబ్బ, ఊబకాయం, ఒళ్లు కదలకపోవడం, డిప్రెషన్, గాలి కాలుష్యం, ఒంటరితనం. వీటిని సరిచేయగలిగితే 45 శాతం దాకా కేసుల్ని ఆపడమో ఆలస్యం చేయడమో వీలవుతుందని అంచనా. ఈ లిస్టు చదువుతుంటే మా వీధి కళ్లముందు కనిపించింది.

బాహుదా దగ్గర

ఇచ్ఛాపురం చేరేసరికి పదకొండు. షాపుల బోర్డుల మీద తెలుగు పక్కన గుండ్రటి ఒరియా అక్షరాలు. బాహుదా నది వంతెన దగ్గర కారు ఆపాం. ఇక్కడి మనుషుల మధ్య గీత గీసింది 1936 ఏప్రిల్ 1న, ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు. పర్లాకిమిడి అటు పోయినందుకు గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. మా ముత్తాత మాత్రం అటే ఉండిపోయి, కూతురిని ఇటు ఇచ్చాడు.

పుట్టిల్లు వెతుక్కుంటూ వెళ్లాం. ఇల్లు లేదు. ఆ స్థలంలో ఎవరిదో రెండంతస్తుల మేడ. బావి ఉంది, మీద ఇనప జాలీ వేశారు. పక్కింటి ముసలావిడ బయటికొచ్చి ఒరియాలో పలకరించింది. అమ్మమ్మ జవాబిచ్చింది. ఒకటి, రెండు, తర్వాత ఆగకుండా. తెలుగులో ఏ మాటా దొరక్క మధ్యలో ఆగిపోయే మనిషి ఇరవై నిమిషాలు గడగడా మాట్లాడింది. అమ్మ నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూతురు, మొదటిసారి తల్లి చిన్నప్పటి గొంతు వింది.

సినిమా అయితే ఇక్కడ ఆపేసేవాళ్లు. మనది జీవితం. తిరుగు ప్రయాణంలో కంచిలి దాటకముందే అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ "మూ ఘొరొకు జిబి" అంది. ఇప్పుడే కదే వెళ్లొచ్చాం!

ఆమె అడుగుతున్న ఇల్లు గోడలున్నది కాదని అప్పుడర్థమైంది. తను ఎవరో తనకి తెలిసిన చోటు. దాని అడ్రస్ మా దగ్గర లేదు.

ఆ ట్యాబ్ ఇంకా తెరిచే ఉంది

ఆ రాత్రి అమ్మకి ఫెలోషిప్ గురించి చెప్పాను. ఏడాది డబ్లిన్‌లో ఉండాలని, తిరిగొచ్చి మనవైపు పనిచేయొచ్చని. అమ్మ గిన్నెలు సర్దుతూ విని, చివరికి అంది. "నువ్వు డబ్లినెల్లి నేర్సుకొచ్చేసరికి మీ అమ్మమ్మ ఉంటాదేటిరా?"

నేను మాట్లాడలేదు.

"నాకు రేత్రి నాలుగ్గంటలు నిద్ర కావాల. అది నేర్పుతారేటి ఆల్లు?"

మూడేళ్లుగా మా ఇంట్లో బ్రెయిన్ హెల్త్ డిపార్ట్‌మెంట్ మొత్తం ఒక్క మనిషే. జీతం లేదు, లీవు లేదు, నైట్ షిఫ్ట్ అలవెన్సు లేదు. నేను రీసెర్చ్ పేపర్లు డౌన్‌లోడ్ చేస్తున్నాను. మామయ్య విశాఖ నుంచి "ఆ వయసుకి మామూలే" అని ఫోన్‌లో చెప్తున్నాడు. మేమిద్దరం మగవాళ్లం కావడం యాదృచ్ఛికమా? డిమెన్షియాలో తేడాల గురించి చదవడానికి నేను ఐర్లండ్ వెళ్లక్కర్లేదు, వంటింట్లోకి చూస్తే చాలు.

ఈ ఏడాది అప్లై చెయ్యట్లేదు. మేనేజర్‌తో మాట్లాడి మూడు నెలలు ఊరి నుంచే పని చేస్తున్నాను. రాత్రి పదకొండు నుంచి మూడు వరకు డ్యూటీ నాది. అమ్మమ్మకి చెవి పరీక్ష చేయించాం. సగం ప్రశ్నలకి జవాబు చెప్పకపోవడానికి కారణం వినపడకపోవడమే. మిషన్ పెట్టాక టీవీ సౌండ్ తగ్గించమంటోంది! ఒక నోట్‌బుక్‌లో ఆమె లోకం రాస్తున్నాను. పుంజీల లెక్క, తిథులు, పెళ్లిపాటలు, ఒరియా మాటలు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అది కూడా పట్టుకెళ్తాం. వచ్చే ఏడాది మనసు మారొచ్చు. ఆ ట్యాబ్ మూయలేదు. అప్పుడు వెళ్లినా, ఏం అడగాలో తెలిసిన మనిషిగా వెళ్తాను.

మీ ఇంట్లోనూ ఎవరైనా అడిగిందే అడుగుతుంటే, తెలిసిన దారి తప్పుతుంటే, చాదస్తమని కొట్టిపారేయకండి. న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. థైరాయిడ్, బీ12 లోపం, డిప్రెషన్ లాంటివీ మతిమరుపు తెస్తాయి, వాటికి మందుంది. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567. చూసుకునేవాళ్ల మనసు బరువెక్కితే టెలిమానస్ 14416. రెండూ ప్రభుత్వానివే, ఫ్రీ. అన్నిటికంటే ముందు, రాత్రిళ్లు ఎవరు మేల్కొంటున్నారో ఒకసారి అడగండి.

నిన్న రాత్రి ఒంటిగంటకి అమ్మమ్మ మళ్లీ లేచింది. చంకలో అదే మూట. "మూ ఘొరొకు జిబి."

ఇదివరకు మేం "ఇదే కదే నీ ఇల్లు" అని వాదించేవాళ్లం. వాదించిన కొద్దీ గొడవ పెరిగేది. స్టీలు సామాన్లావిడ నాకో మాట నేర్పింది. పక్కన కూర్చుని చెప్పాను.

"కాలి జిబా." రేపు వెళ్దాం.

నా ముఖంలోకి చూసింది. మూట నా చేతికిచ్చి పడుకుంది. లోపల అమ్మ గురక పెట్టి నిద్రపోతోంది.